సాంబయ్య సారు అనలేని ‘కాదు’

జనగామలో తగాదా పడ్డవాళ్లు ఠాణాకు పోయే ముందు ప్రొఫెసర్ సాంబయ్య గారింటికి వెళ్తారు. కాసేపటికి ఇద్దరూ నవ్వుకుంటూ బయటికొస్తారు. సారు తన పక్షమేనని ఇద్దరికీ నమ్మకం. తగాదా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ విద్య ఆయనకు ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. నేను ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణే. సారు తరిగొప్పులలో రైతు ఇంట పుట్టి రాజనీతి శాస్త్రం ప్రొఫెసరై, తొంభైలలో డెప్యుటేషన్ మీద ఆఫ్రికాలోని ఒక దేశానికి, మన రాయబార కార్యాలయానికి వెళ్లారు. ఆ రోజుల్లో ప్రొఫెసర్లను అలా పంపేవారు. సాంస్కృతిక వ్యవహారాలు చూడడం పని. విందులు, ఉపన్యాసాలు, కరచాలనాలు. ఎవరికీ మొహం మీద కాదని చెప్పకూడదన్నది అక్కడ ఆయన నేర్చుకున్న మొదటి పాఠం. ‘పరిశీలిస్తాం’ అంటే చాలు, అవతలి రాయబారికి అర్థమవుతుంది. ఎవరి పరువూ పోదు. తిరిగొచ్చాక క్లాసులో ఇదంతా చెబుతుంటే మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. కర్ర విరగదు, పాము చావదు. దానికి దౌత్యమని పేరు.

ఆ పాఠం ఆయన చెల్లెలు సుమిత్ర చదవలేదు.

ఆమెను మొగుళ్లపల్లికి ఇచ్చారు. భర్త పోయాడు. పత్తి చేను చేసుకుంటూ ఒక్కగానొక్క కొడుకు శ్రీకర్‌ను చదివించింది. అతనికి చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగమొచ్చింది. అన్న కూతురు అమూల్యను కోడలిని చేసుకోవాలని ఆమె ఆశ. మేనరికం కనుక అడిగే హక్కుంది, అడిగింది. బావను చేసుకోనని అమూల్య తండ్రితో అప్పుడే తేల్చి చెప్పింది. సారు మాత్రం చెల్లెలితో, “పిల్ల చదువు కానియ్యి, చూద్దాం” అన్నారు. ఆయన లెక్కలో అది కాదన్నట్టే. ఆమె లెక్కలో అన్న మాటిచ్చినట్టే. తర్వాత మళ్లీ అడిగితే, “ఉద్యోగం రానియ్యి” అన్నారు. కొడుక్కి వచ్చిన సంబంధాలన్నీ ఆమె వెనక్కి పంపింది. అలా ఎనిమిదేళ్లు గడిచాయి.

మొన్న అమూల్యకు హైదరాబాదులో తనతో పనిచేసే అబ్బాయితో పెళ్లి కుదిరింది. పెళ్లి పత్రిక, చెల్లెలికి చీర పట్టుకుని సారు మొగుళ్లపల్లి బయల్దేరారు. కారు నేను నడిపాను. ఈ కథంతా ఆయన నాకు చెప్పింది దారిలోనే. చెల్లెలి మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అని అప్పటికీ మాటలు ఏరుకుంటూనే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

మమ్మల్ని చూడగానే సుమిత్ర లోపలికి వెళ్లి మంచి చీర కట్టుకుని వచ్చింది.

“లగ్గం ఖాయం చేసుకొని వచ్చినవా అన్నా?”

సారు పసుపు రాసిన పత్రిక ఆమె చేతిలో పెట్టారు. పెళ్లికొడుకు పేరు ఆమె మళ్లీ మళ్లీ చదివింది.

“అన్నా, పిల్లను ఇయ్యనని నువ్వెప్పుడన్నవ్?”

“అనలే చెల్లె.”

“గదే అడుగుతున్న. ఎందుకనలే?”

“నీ మనసు కష్టపడ్తదని...”

“పడితే ఏమైతుండె? నాలుగు దినాలు ఏడ్చి ఇంకో పిల్లను తెచ్చుకుంటుంటి. ఇప్పుడు వానికి ముప్పై ఆరేండ్లు. ఎవలిస్తరు?”

సారు తెచ్చిన చీర ఆమె ముందుకు జరిపారు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

అప్పుడే డ్యూటీ దిగి శ్రీకర్ వచ్చాడు. తల్లి చేతిలో పసుపు పత్రిక చూసి అతని మొహం విచ్చుకుంది.

“మామా, ఖాయమైందా?”

సారు చెల్లెలి వైపు చూశారు.

“నువ్వే చెప్పు” అంది సుమిత్ర. “గీ ఒక్కసారన్న సక్కగ చెప్పు.”

“కాదు బిడ్డా” అన్నారు సారు. “అమూల్యది వేరే అబ్బాయితోని పెండ్లి. నిన్ను చేసుకోనని ఎనిమిదేండ్ల కిందనే నాతోని చెప్పింది.”

శ్రీకర్ తల్లి చేతిలోంచి పత్రిక తీసుకుని చదివాడు.

“గప్పుడే చెప్పిందా?” అన్నాడు. “అయితే ఆమె తప్పేం లేదు మామా.”