తమ్ముడు చూడని దెబ్బ

తొంభైల చివర నేను హోసూరులో డిగ్రీ ముగించి, ఇంట్లో అందరితో వాదనకు దిగుతున్న రోజులవి. మా ఊరు గురుబరపల్లిలో తమ్ముడు మునిరాజు నిండు రాగుల మూటను ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. వాడు బాక్సింగ్‌లో చేరితే ఎదుటివాడు ఒక్క గుద్దుకే పోతాడని మేమంతా లెక్కేసుకున్నాము.

"బలం చేతిలో లేదమ్మా. కాలు నేలను తంతే నడుములోంచి వస్తాది. అదీ ఎదుటోడు చూడనప్పుడు తగిలితేనే పడగొడతాది," అన్నాడు వాడిని చేర్చుకున్న బాక్సింగ్ కోచ్.

"మా చేనికొచ్చి ఒక మూట ఎత్తి చూపించండి సార్, అప్పుడు మాట్లాడదాం," అన్నాను నేను.

కృష్ణగిరిలో పోటీ. ఎదుటివాడు గాలికి ఎగిరిపోయేట్టున్నాడు. అయినా రెండో రౌండుకే మావాడు చేతులు బరువెక్కి రొప్పుతున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ముందు వరుసలో లేచి నిలబడి అరిచినాను.

"ఏం మునీ, పొద్దున ముద్ద తినలేదా? ఆ పుల్లను విరిచేదానికి ఇంతసేపా?"

వాడు నావైపు తిరిగి నవ్వినాడు.

ఆ సన్నటివాడి చెయ్యి జానెడు కూడా కదిలినట్టు లేదు. తమ్ముడు ఆ నవ్వుతోనే పడిపోయినాడు. ఆస్పత్రిలో మూడో రోజు కళ్లు తెరిచినాడు. ఎడమ కంటికి మాత్రం చూపు తిరిగి రాలేదు.

నా కేక వాడికి గుర్తులేదు. "యాడ్నుంచి వచ్చిందక్కా ఆ దెబ్బ?" అని ఇప్పటికీ అడుగుతాడు. అన్నిటికీ జవాబు చెప్పే నేను అప్పుడు మాత్రం లేచి వంటింట్లోకి పోతాను.

నోటితో చెప్పలేక ఇక్కడ రాసినాను. అచ్చయితే వాడే చదువుకుంటాడు, ఉన్న ఆ ఒక్క కంటితో.