ఎత్తని ఫోన్

కరోనా రెండో వేవ్‌లో ఆస్పత్రిలో పడి ఉన్న అన్న రాజమౌళి ఆ మధ్యాహ్నం సోమలింగానికి మూడుసార్లు ఫోన్ చేశాడు. సోమలింగానికి వినబడలేదు. మరమగ్గాలు నడుస్తుంటే పక్కవాడి అరుపే చెవికెక్కదు, జేబులో ఫోన్ ఎక్కడ వినబడుతుంది? షిఫ్టు దిగి చూసుకునేసరికి అన్న ఇక లేడు. వాణ్ణి సిరిసిల్ల నుంచి సూరత్ తీసుకొచ్చి, దగ్గరుండి పని నేర్పిన అన్న.

ఏడాది పాటు వాడు మామూలుగానే పనిచేశాడు. పక్క మగ్గాల మీద పనిచేసే మేం బాగానే ఉన్నాడనుకున్నాం, మా బుద్ధినే తిట్టుకోవాలి. తర్వాత నడిచే మగ్గాలను ఉన్నట్టుండి ఆపేయడం మొదలుపెట్టాడు.

"ఏందిరా?" అంటే, "జర ఆగు శ్యామన్నా, ఫోన్ మోగుతున్నది" అనేవాడు.

మోగేది కాదు. మొదట రోజుకోసారి, తర్వాత గంటకు నాలుగుసార్లు. "ఎవర్రా ఆమె?" అని ఆటపట్టించాను కూడా. తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

వాడి భార్య భాగీరథి పెద్దాస్పత్రిలో మానసిక వైద్యుడికి చూపించింది. మాత్రలతో ఆ మోత తగ్గింది, కానీ నిద్ర ముంచుకొచ్చేది. మగ్గం పక్కన తూలేవాణ్ణి ఎవరుంచుకుంటారు? "ఠీక్ హోకే ఆనా", బాగయ్యాకే రా అన్నాడు మా యజమాని వినోద్ శేఠ్. పని కోసం సోమలింగం మాత్రలు మానేసి మళ్లీ మగ్గాల దగ్గరికొచ్చాడు. మళ్లీ మోత. డాక్టరుకు చెబితే మందు మార్చేవాడేమో, మాకా తెలివి ఎక్కడ ఏడ్చింది? నెల తిరక్కుండానే పని పూర్తిగా పోయింది.

మొన్న ఆదివారం పొద్దున నవాగామ్‌లో వాళ్ల గదికి వెళ్తే, భాగీరథి నన్ను మెట్ల దగ్గరే ఆపింది.

"శ్యామన్నా, మూడు దినాలాయె అన్నం ముడ్తలేడు. ఫోన్ పట్టుకొనే కూసుంటున్నడు. నువ్వు బయటికెళ్లి ఫోన్ చెయ్యి. ఒక్కసారి నిజంగ మోగి, ఎత్తి మాట్లాడితే ఆ రంది పోతదేమో."

పిచ్చి ఆలోచనే. ఆమె ముఖం చూశాక కాదనలేకపోయాను. సందు చివరికి నడిచి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు, పేరైనా చూసుకోలేదు.

"అన్నా, గీసారి ఎత్తిన!" అన్నాడు. వాడి గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్లయిందో. "చెప్పు అన్నా, ఏం చెప్దామని చేసినవే?"

వాడు "చెప్పు, వింటున్న" అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. ఏడుపు ఆపుకుంటూ, "నీ తప్పేం లేదురా" అన్నాను.

నా గొంతు గుర్తుపట్టాడు.

"శ్యామన్నా, జల్ది పెట్టెయ్" అన్నాడు. "అన్న చేస్తే లైన్ బిజీ వస్తది."