వన్నూరప్ప పంపిన బండి

కరోనా సద్దుమణిగి, గనుల దారుల్లో టిప్పర్లు మళ్ళీ బారులు తీరిన ఏడాది అది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి బళ్ళారికి వచ్చి సొంతంగా ఐటీ కన్సల్టింగ్ మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. జీన్స్ వాషింగ్ యూనిట్ల వాళ్ళు, బియ్యం మిల్లుల వాళ్ళు, లారీల యజమానులు నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

కన్సల్టెంట్ అంటే కంప్యూటర్లు అమ్మే మనిషి అనుకుంటారు చాలామంది. నిజానికి మా పనిలో మొదటి భాగం కంప్యూటర్ జోలికే పోదు. ఆ వ్యాపారం ఇప్పుడు ఎలా నడుస్తోందో పక్కన కూర్చుని చూస్తాం. దాన్ని ప్రాసెస్ స్టడీ అంటాం. ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారు, ఆ మాట ఎక్కడ ఆగిపోతోంది అని గమనించి, ఆ తర్వాతే ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చెబుతాం. ఏదీ అక్కర్లేదని చెప్పి వచ్చేసిన చోట్లు కూడా ఉన్నాయి.

గాదిలింగప్ప నా దగ్గరికి వచ్చింది ఆ వానాకాలంలో. పొలాలున్న కుటుంబం. గనులు ఊపందుకున్నప్పుడు అన్నదమ్ములిద్దరూ టిప్పర్లు కొని ఇనుప ఖనిజం తోలే పనిలోకి దిగారు. తోరణగల్లు దారిలో వాళ్ళ ఆఫీసు. బిల్లులు, గని ఆఫీసుల వ్యవహారాలు గాదిలింగప్పవి. డిస్పాచ్ మాత్రం మొదటినుంచీ అన్న వన్నూరప్పది. ఏ డ్రైవరు ఏ బండితో ఎక్కడికి పోవాలో నిర్ణయించి పంపడమే డిస్పాచ్. అదంతా ఆయన ఫోను మీదే నడిచేది.

“ఈ నడుమ తప్పులు పడ్తాండాయి మేడమ్,” అన్నాడు గాదిలింగప్ప. “ఒక కాడికే రెండు బండ్లు పోతాండాయి. ఇంకోకాడ మాలు అట్లే నిలిచిపోతాది. డ్రైవర్లు మాట వినల్లేదు. మారెప్ప అని ఒకడు రాత్రంతా తోలి, తెల్లారి మళ్ళా బండి తీసినాడు. యశ్వంతనగర్ కాడ పల్లంలో పడేసి కాలు ఇరగ్గొట్టుకున్యాడు. అడిగితే, అన్నే ఫోన్ చేసి పొమ్మన్యాడంటాడు.”

“మీ అన్నగారు ఏమన్నారు?”

“అన్న ఫోన్ చేసింది పండుకోమని చెప్పేకి. రాత్రి తోలినోనికి పగలు బండి ఇయ్యకూడదని రూలు పెట్టిందే ఆయప్ప. అబద్ధం చెప్పినాడని మారెప్పను తీసేసినాం.”

స్టడీ కోసం వాళ్ళ ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. వన్నూరప్పకు అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, గొంతు పెద్దది. నన్ను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నాడు. ఏ డ్రైవరుకు చూపు మందగించిందో, ఎవరిని సండూరు కొండ దారికి పంపకూడదో, ఎవరింట్లో కాన్పు దగ్గరపడిందో చెబుతూ పోయాడు. అలాంటి మనిషి ఉన్న చోట తప్పులెందుకు పడుతున్నాయో మొదట నాకు అర్థం కాలేదు.

ఒక పొద్దున ఈరన్న అనే డ్రైవరు రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాళంచెవులు బల్లమీద పెట్టి, వన్నూరప్పతో కలిసి టీ తాగి, ఇంటికి వెళ్ళాడు. టీ గ్లాసులు ఇంకా అక్కడే ఉన్నాయి. వన్నూరప్ప ఫోను తీసి ఈరన్నకే చేశాడు.

“యాడుండావప్పా? బేగ రా. సండూరు కాడ లోడుండాది.”

అవతల ఈరన్న నిద్ర లేదంటూ వద్దనడం నాకూ వినిపించింది. వన్నూరప్ప గొంతు పెంచాడు. “రాత్రంతా ఇంట్లో పండుకోని, ఇంగా నిద్రేందిరా నీకు? వచ్చి బండి తీ.”

ఫోను పెట్టేశాడు. ఆయన ముఖంలో ఏ తేడా లేదు. మామూలుగా స్టడీలో మేం కల్పించుకోం, చూసి రాసుకుంటామంతే. కానీ ఈరన్న వెనక్కి తిరిగి వస్తుంటాడు.

“అప్పా, ఈరన్న ఇప్పుడే డ్యూటీ దిగాడు. ఇక్కడే మీతో టీ తాగి వెళ్ళాడు,” అన్నాను.

ఆయన నావైపు చూశాడు. తర్వాత గ్లాసుల వైపు, తాళంచెవుల వైపు చూశాడు. ఫోను తీసి, “ఈరన్నా, వద్దులేప్పా. పోయి పండుకో,” అని మెల్లగా చెప్పాడు. ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు.

“ఇది కొత్త గాదమ్మా,” అన్నాడు. “ఉగాది ముందునుంచి ఇట్లే ఐతాండాది. నాకు తెలుస్తానే ఉండాది. వయసైతాంది గదా అని కప్పిపెట్టుకుంటాండా.” తర్వాత నన్నే అడిగాడు. “మారెప్పను నేనే పంపించినానా?”

“నాకు తెలీదప్పా. నేను ఈరోజుదే చూశాను.”

“ఫోన్ చేసింది గ్యాపకముండాది. ఏం చెప్పినానో గ్యాపకం లేదు. పండుకోమనే చెప్పింటాననుకున్యా. ఎప్పుడూ అదే చెప్తా గదా.”

తమ్ముడికి రేపు నేనే చెప్తా, నువ్వేం చెప్పొద్దు అన్నాడు. నన్ను పనికి పెట్టుకున్నది గాదిలింగప్ప. నేను చూసిందంతా ఆయనకు చేరాల్సిందే. అయినా ఆ మాట వన్నూరప్ప నోటినుంచే రావడం న్యాయమనిపించింది. కానీ రేపటిదాకా ఆగడానికి లేదు. మధ్యాహ్నం మళ్ళీ బండ్లు కదలాలి.

“రేపు కాదప్పా. ఇంకో బండి కదిలేలోపల చెప్పాలి,” అన్నాను.

ఆయన నా ముందే తమ్ముడికి ఫోను చేశాడు.

గాదిలింగప్ప వచ్చి విన్నాడు. అన్న మీద రాని కోపం నామీదికి వచ్చింది. “సాఫ్ట్‌వేర్ వెయ్యమంటే మా ఇంటి మనిషికి రోగం అంటగడ్తాండావా?” అన్నాడు.

“ఆయమ్మను అనొద్దురా. చెప్తాండేది నేను,” అన్నాడు వన్నూరప్ప.

గాదిలింగప్ప గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, అన్న చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. ఆ పూట బండ్లను ఆయనే పంపాడు.

మర్నాడు అన్నదమ్ములిద్దరితో కలిసి కూరెకుప్పలో మారెప్ప ఇంటికి వెళ్ళాను. నన్నూ రమ్మన్నది వన్నూరప్పే. “ఆడికి పోయినాక మాట తప్పిపోతే నువ్వందియ్యాల,” అన్నాడు. మారెప్ప కట్టు కట్టిన కాలు చాపుకుని మంచం మీద ఉన్నాడు. ఆయన భార్య మాకు కుర్చీలు వేసి, తలుపు దగ్గరే నిలబడిపోయింది. నేను మాట అందించాల్సిన అవసరం రాలేదు.

“నేనే పంపించింటానప్పా. నాకు బుర్ర నిలవల్లేదు. నిన్ను అబద్ధాలోడన్యాను. తప్పు నాది,” అన్నాడు వన్నూరప్ప.

మారెప్ప భార్య అందుకుంది. “ఎవురిని అడిగినా, అబద్ధం చెప్పి బండి పడేసినోడంట గదా అంటాండారు. కాలు బాగైనా పని ఎవురిస్తారప్పా?”

అప్పుడు మారెప్ప తలెత్తాడు. “అప్పా, ఈ మాట ఈడ చెప్తే నా పెండ్లామే వింటాది. బండ్లు నిలిపేకాడ అందరి ముందరా నన్ను అన్యారు. ఆడ చెప్పండి.”

గాదిలింగప్ప ఏదో అనబోయాడు. వన్నూరప్ప తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

డ్యూటీలు మారే వేళకు డ్రైవర్లందరూ ఒకచోట ఉంటారు. ఆ వేళ చూసి, బండ్ల మధ్య నిలబడి వన్నూరప్ప ఆ మాటలే మళ్ళీ చెప్పాడు. తన మతిమరుపు సంగతీ దాచలేదు. గొంతు పెద్దదే గానీ ఆ రోజు వెనక ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగి వినాల్సి వచ్చింది. గాదిలింగప్ప అన్న వెనకే నిలబడి, మారెప్పను తీసేసింది తాను కాబట్టి ఆ తప్పు తనదీ అన్నాడు. డ్రైవర్లు తలలు దించుకున్నారు. ఈరన్న వచ్చి వన్నూరప్ప చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

మారెప్ప తిరిగి వాళ్ళ దగ్గరికి రాలేదు. రమ్మని గాదిలింగప్ప రెండుసార్లు వెళ్ళి అడిగాడు. “కోపం లేదు సార్. ఆ ఫోను మోగితేనే గుండె దడుస్తాది,” అన్నాడట. కాలు కుదురుకున్నాక వేరేచోట చిన్న బండి తోలుతున్నాడని విన్నాను.

వన్నూరప్పను బళ్ళారిలో డాక్టరు చూసి, మతిమరుపు జబ్బేనని చెప్పాడు. మందులతో నెమ్మదిస్తుందే తప్ప ఆగదన్నాడు. సాఫ్ట్‌వేర్ తయారయ్యాక ప్యారలల్ రన్ పెట్టాం. అంటే కొన్నాళ్ళు పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కనే నడిపి, రెండూ ఒకే జవాబు ఇస్తున్నాయా అని సరిచూసుకోవడం. డ్యూటీ దిగిన డ్రైవరుకు విశ్రాంతి వేళ పూర్తయ్యేదాకా కొత్త సాఫ్ట్‌వేర్‌లో బండి రాయడం కుదరదు. యజమాని చెప్పినా కుదరదు. ఆ ఒక్క రూలు మాత్రం సడలించవద్దని పట్టుబట్టింది వన్నూరప్పే. మతి నిలకడగా ఉన్న రోజుల్లో వచ్చి, ఏ దారికి ఎవరిని ఎందుకు పంపకూడదో చెబుతుండేవాడు. చెప్పింది చెప్పినట్టు ఎక్కించాను. తర్వాత్తర్వాత రావడం తగ్గించాడు.

ఆ పని తర్వాత నా స్టడీలో ఒక ప్రశ్న చేరింది. ఏ వ్యాపారానికి వెళ్ళినా, పెద్దవాళ్ళను పక్కకు పిలిచి అడుగుతాను: మీరు పొరపడితే, పొరపడ్డారని మీకు చెప్పగలిగిన మనిషి ఇక్కడ ఎవరు? జవాబు లేనిచోట ఎంత మంచి సాఫ్ట్‌వేర్ వేసినా, తప్పు ఇంకాస్త వేగంగా జరుగుతుంది, అంతే. ఈరన్న ఆ పొద్దున ఫోనులో వద్దనే అన్నాడు. మారెప్ప కూడా అనే ఉంటాడు. వాళ్ళ మాట చెవికెక్కే వీలు అక్కడ లేకపోయింది.

ఆ ప్రశ్న నేను మొదట అడిగింది వన్నూరప్పనే. ప్యారలల్ రన్ జరుగుతున్న రోజుల్లో, ఆయన కాస్త తేలికగా కనిపించిన ఒక మధ్యాహ్నం అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. మరిచిపోయాడేమోనని ఇంకో మాట మొదలుపెట్టబోయాను.

“మొదట్లో చెప్పేటోళ్ళమ్మా,” అన్నాడు. “నేనే మాన్పించినా.”