మట్టి పొర మీద అంకె

"బుద్రీ, ఆ గోడ సంగతి ఎవరి చేతైనా రాయించు. ఈసారి నీ పేరెట్టించు" అన్నారు మా ఆయన, విశాఖపట్నం ఆసుపత్రి మంచం మీద. "ముందు జావ తాగండి" అన్నాను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. అందుకని చెబుతున్నాను. మా చెల్లెలి కూతురు లచ్చి రాస్తోంది.

తొంభైల మొదట్లో ఆయనకు మా కొండ మీది డుంబ్రిగుడలో ఒక దినపత్రిక కంట్రిబ్యూటరు పని దొరికింది. కంట్రిబ్యూటరంటే నెల జీతం లేని విలేకరి. ఆయనది శృంగవరపుకోట వైపు పల్లపు ఊరు, మా కొండ భాష రాదు. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు, అంకెలు మాత్రం సంతలో నేర్చుకున్నాను. అందువల్ల పని పంచుకున్నాం. అడగడం నాది, రాయడం ఆయనది. ఆయన మంచాన పడేదాకా అలాగే నడిచింది.

ఈ సంగతి తొంభైల చివర్లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో జరిగింది. ముంచింగిపుట్టు బస్సెక్కి దారి మధ్యలో దిగి రెండు గుట్టలు ఎక్కితే ఒక ఊరు. పేరు చెప్పను. ఊరంతా చలిజ్వరం, అప్పటికే ఇద్దరు పిల్లలు పోయారు.

వానాకాలంలో దోమల మందు జట్టు పంపులతో రావాలి. ఇంట్లో సామానంతా బయట పెట్టించి లోపలి గోడలకు మందు కొట్టాలి. కొట్టాక వాకిలి పక్కన గోడ మీద రంగుతో తేదీ, గదుల లెక్క రాయాలి. తనిఖీకి వచ్చే పైఅధికారి చూసేది ఆ అంకెనే. ఈ ఊరికి మందు కొట్టినట్టు ఆఫీసు రిజిస్టరులో ఉంది, గోడల మీద అంకెలూ ఉన్నాయి. అదే నిలిస్తే పంపులు మళ్లీ వచ్చే వానాకాలం దాకా రావు. జ్వరం అన్నాళ్లు ఆగదు.

మొదట తప్పు నేనే చేశాను. "మందు కొట్టారా?" అని ఇంటింటా అడిగాను. అందరూ "కొట్టారు" అన్నారు. కాగితం పట్టుకుని వచ్చిన మనిషికి మావాళ్లు కాదని చెప్పరు. చెబితే వచ్చేదేదో ఆగిపోతుందని భయం. ఆయన పుస్తకం మూసి, వార్త లేదు, బస్సుకి పోదాం అన్నారు.

చివరి ఇంట్లో ఒక ముసలామె మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గొంగడి కింద ఆ గుంటపిల్ల పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. లోపల నిలువెత్తు గింజల బాన కనిపించింది. ఎందుకడిగానో తెలియదు. "మామ్మా, ఈ బాన బయటెట్టడానికి ఎవరు సాయం పట్టినారు?" అన్నాను.

ముసలామె పకపకా నవ్వింది. "ఏటే గుంటా, ఆ బాన కదిలితే నా నడుం ఉంటాదేటి? ఈ యేడు నడుం బాగానే ఉంది, సూడు!" అని పిల్లను పక్కన పడుకోబెట్టి, లేచి నిలబడి చూపించింది.

బాన కదలకుండా మందు కొట్టడం కుదరదు. అప్పుడు వాకిలి పక్కన అంకె చూశాను. ఎర్రమట్టి గోడ మీద తెల్లరంగు. తేదీ కొత్త కొర్రలు వండే పండగకు పదిహేను రోజుల ముందుది. మా కొండ మీద ఆ పండగకు ప్రతి గోడకూ కొత్త మట్టి మెత్తుతారు. మట్టి మీద చెయ్యి పెట్టి చూశాను. ముసలామె వేళ్ల చాళ్లు తగిలాయి. రంగు ఆ చాళ్ల పైనుంచి నడిచింది. పండగకు ముందు రాసిన అంకె పండగ మట్టి మీద ఉంది.

ఆయనకు చూపించాను. ఆయన ఏ సంతోషాన్నీ వెంటనే నమ్మే మనిషి కాదు. "పాత అంకె మట్టి కింద పడిపోయిందని మళ్లీ రాసి ఉండొచ్చుగా?" అన్నారు.

"అలాగైతే అదే తేదీ కింద కూడా ఉండాల" అన్నాను.

మా మాట ముసలామెకు చెప్పాను. ఆమె కొడవలి తెచ్చి, మొనతో మెల్లగా గీరింది. పైపొర రేకులా లేచింది. కింద ఉత్త మట్టి, అంకె లేదు. ఇంకో పొర లేపింది. మట్టిలోంచి తెల్లని అంకెలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, కిందటేడు తేదీ. దాని కింద ఇంకో పొర, ముందటేడు తేదీ. "ఇది మా ఎద్దు సచ్చిన యేడు. ఇది మా పెద్దోడికి పెళ్లైన యేడు" అంటూ ఆమె గోడను పుస్తకంలా తిప్పుతోంది. జట్టు నిజంగా వచ్చిన ప్రతి ఏడూ ఆ గోడలో ఉంది. ఈ ఏడు ఒక్కటే లేదు. అక్షరం తెలియని చేతులు ఏటేటా మెత్తుకుంటూ పోయిన గోడ, ఏ ఆఫీసూ దాచనంత పదిలంగా దాచింది. ఆయన ఎప్పుడు విడిచారో, చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు.

ఒక గోడ చెబితే సరిపోదని ఇంకో రెండిళ్లలో అడిగి గీరించాం. అక్కడా అంతే. ఆయన తన కెమెరా రీలులో మిగిలిన బొమ్మలన్నీ గోడలకే ఖర్చుపెట్టారు. పంపులు వచ్చేదాకా గీరిన చోట మట్టి మెత్తవద్దని చెప్పి గుట్టలు దిగాం.

ఎవరి మీద వార్త రాస్తున్నామో వాళ్ల మాట కూడా వినాలి. మర్నాడు ఆ మందు జట్టును పంపే ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారి రిజిస్టరు మా ముందు తిప్పాడు. "మేం కొట్టాం. వీళ్లు పండక్కి మట్టి మెత్తేసి మందు పాడుచేసుకున్నారు. కొండ జనానికి ఎంత చెప్పినా అంతే" అన్నాడు.

"బాబూ, మెత్తక ముందు రాసిన అంకె, మెత్తిన మట్టి మీదకి ఎలాగెక్కింది?" అన్నాను.

అధికారి రిజిస్టరు మూశాడు. "నువ్వెవరమ్మా?" అన్నాడు.

"అడిగేది ఆవిడ. నేను రాస్తాను, అంతే" అన్నారు మా ఆయన. నా ప్రశ్నకు అధికారి జవాబు ఇవ్వలేదనే వార్తలో రాశారు.

జిల్లా పేజీలో గోడ బొమ్మ, కింద నాలుగు వరుసలు పడ్డాయి. వారం తిరక్కుండా జట్టు వచ్చింది, రక్తపరీక్షలకు డాక్టరూ వచ్చారు. నేను చూడ్డానికి వెళ్తే బానలు వీధిలో ఉన్నాయి. కోళ్లు వాటి మీదెక్కి గోల చేస్తున్నాయి. ఆ గుంట చిక్కిపోయింది గాని గుమ్మంలో కూర్చుని జావ తాగుతోంది. ముసలామె నన్ను చూస్తూనే "నా గోడకి బొక్కెట్టి పోనావు, ఎవులు మెత్తుతారు? మీ పేపరోడా?" అంది. మట్టి కలిపి నేనే మెత్తాను. బాగా రాలేదని మూడు సార్లు తిట్టింది.

ఈ పనిలో నేను నేర్చింది చెబుతాను. పని జరిగిందా అని అడిగితే జవాబు వస్తుంది, నిజం రాదు. ఆ పని జరిగితే ఇంట్లో ఏది కదలాలో ముందు తెలుసుకోవాలి, దాన్ని గురించి అడగాలి. మనకు నచ్చిన రుజువునే ఇంకో పొర గీరి చూడాలి. చూసింది వేరు, విన్నది వేరు. రెండూ కలిపేస్తే ఎదుటివాడు ఆ కలిపిన చోటే పట్టుకుంటాడు.

లచ్చీ, ఇక రాయకు. మొదట్నుంచి చదువు, మెల్లగా. నేను చూడనిది చూసినట్టు ఎక్కడైనా పడిందేమో, అక్కడ ఆపుతాను.