నాలుగు రకాల బీరు, ఒక్కదానికీ నురగ లేదు

పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను బెంగుళూరులో ఒక బీరు కంపెనీని ముంచబోయినాను. నవ్వొద్దురా, నిజం! ఉదయగిరిలో మా ఇంటి వరండాలో, లుంగీ కట్టుకోని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోని, ఎక్కడో ఉన్న నాలుగు ట్యాంకుల బీరు కాలవలో పోయించబోయినాను. దాంతో పాటు మా ఆవిడ మస్తానమ్మకు వచ్చే ఆర్డరు కూడా. టీ చెప్పండి, మొదట్నించీ చెప్తా.

మా ఇంట్లో పని మీకు తెలిసిందే. చెక్క స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు. చెక్కేది మస్తానమ్మ, ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇంకొందరు ఆడవాళ్లు. నాది ఆఖరి పని. సాండ్ పేపర్ కొట్టేది, గానుగ శెనక్కాయ నూనె పూసేది, గుడ్డతో మెరిసిందాకా రుద్దేది, గిరాకీ చేతిలో పెట్టేది. నూనె గుడ్డ తగలకుండా మా ఇంట్లో ఏ వస్తువూ గడప దాటదు. ఆ గుడ్డ పొద్దున లేస్తే నా భుజం మీదే ఉంటుంది. అన్నానికి కూర్చున్నా తియ్యను. ఒకసారి మా చుట్టాలాయన కళ్లజోడు మా వరండాలో పెట్టి మొహం కడుక్కోవడానికి పోతే, దాన్ని కూడా తుడిచి చేతికిచ్చినాను. ఆయన ఆ రోజంతా లోకం మసకగా ఉండాదని కంటి డాక్టరు దగ్గరికి పోయినాడు. అలవాటు రా. చెయ్యి దానంతట అదే పోతుంది.

ఇంక ఆర్డరు సంగతి. నెల్లూరులో ఎగ్జిబిషన్ పెడితే మస్తానమ్మ స్టాలు వేసింది. అక్కడ హారిక మేడం అని బెంగుళూరు నుంచి ఒకామె మా సరుకు చూసింది. తెలుగామే, చిత్తూరు వైపు. ఆమె ఉద్యోగం ఏందో తెలుసా? బీరు తాగి మార్కులు వేసేది! నెలనెలా జీతం ఇచ్చి మరీ తాగిస్తారు. నేను ఐటీఐ చదివి ఏం లాభం!

వాళ్లది సొంతంగా బీరు చేసుకునే చిన్న కంపెనీ. కొత్తగా ఒక పబ్బు తెరుస్తా ఉండారు. అక్కడికి చెక్క ట్రేలు కావాలి. పొడుగాటి చెక్కకి వరసగా నాలుగు గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో చిన్న గ్లాసు, ఒక్కో గ్లాసులో ఒక్కో రకం బీరు. వచ్చినోళ్లు నాలుగూ రుచి చూసి, నచ్చింది పెద్ద గ్లాసులో తెప్పించుకుంటారంట. నాకు తెలిసిన బీరు రెండే రకాలు. కూలింగ్ ఉన్నది, కూలింగ్ లేనిది.

ఈ ఆర్డరు మీద మస్తానమ్మ ప్రాణాలు పెట్టుకోని ఉండాది. పెళ్లిళ్ల సీజన్ అయిపోతే మాకు పని పల్చబడుతుంది. ఆడవాళ్లు కూలికి కలిగిరి వైపు పోతారు. మళ్లీ వాళ్లని చేర్చుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఈ ట్రేలు పడితే ఎవురూ ఎక్కడికీ పోనక్కర్లేదు.

మస్తానమ్మ మచ్చుకి చెక్కిన ట్రే చూడ్డానికి మేడం ఆదివారం కారులో దిగింది. ట్రే ఊరికే చూస్తే చాలదంట. నిండు గ్లాసులు పెట్టి మోసి చూడాలి, చల్లటి గ్లాసు చెమట పట్టి గుంటలో ఇరుక్కుంటుందేమో చూడాలి. పనిలో పనిగా, ఆ రోజు తను రుచి చూసి మార్కులు వేయాల్సిన బీర్లే ఐస్ బాక్సులో తెచ్చుకుంది. ఆమె ఫోన్ చేసి సరే అంటేనే అక్కడ బీరు ట్యాంకు దాటి బయటికొస్తుంది.

"మీరు కూడా రుచి చూడండి. ట్రే చేసేవాళ్లకి అది దేనికో తెలియాలి కదా" అనింది మేడం.

నేను మస్తానమ్మ మొహం చూసినాను. "పని మీద గదా, తాగు. నోరు మాత్రం జాస్తి తెరవొద్దు" అనింది. పెళ్లయినాక మొదటిసారి, పట్టపగలు, ఇంటి ముందర, భార్య అనుమతితో బీరు! నా సంతోషం ఏం చెప్పేది!

మేడం గ్లాసులు కూడా తనే తెచ్చింది. బెంగుళూరులోనే కడిగి ఆరబెట్టి, ఒక్కోదాన్ని తెల్ల కాగితంలో చుట్టి మరీ తెచ్చింది. కాగితాలు విప్పి గ్లాసులు ట్రే పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి మస్తానమ్మతో పెరట్లోకి పోయింది. నేను ఒక్కణ్నే ఉండాను. గ్లాసుల మీద కాగితం పీచు అంటుకోని ఉండాది. బెంగుళూరు నుంచి వచ్చిన గిరాకీ! ఆర్డరు ఇచ్చే మనిషి! పీచు పట్టిన గ్లాసులో తాగుతుందా?

భుజం మీద గుడ్డ తీసినాను. లోపలా బయటా తిప్పితిప్పి తుడిచినాను. తళతళా మెరిసినాయి! నాకే ముచ్చటేసింది.

మేడం వచ్చి మొదటి బీరు పోసింది. గోధుమలతో చేసింది అంట. పొయ్యంగానే నురగ వచ్చింది, వచ్చినట్టే చచ్చిపోయింది. ఆమె మొహం చిట్లించింది. "నురగ ఇంత మందాన నిలబడాలే" అని వేలు చూపించింది. రెండోది ఐపీఏ, చేదు బీరు. అదీ అంతే. మూడోది స్టౌట్, ఇంజనాయిల్ మాదిరి నల్లగా ఉండాది. దానిదీ అదే కథ. నాలుగోది పుల్ల బీరు. దానికి బుడగ కూడా లేదు. నాలుగు గ్లాసులూ చల్లారిన టీ మాదిరి కూర్చున్నాయి.

"గ్లాసుల్లో ఏమన్నా ఉంటే ఇట్టా అవుతుంది. కానీ ఇవి నేనే కడిగి తెచ్చినా" అని తనలో తనే అనుకుంటా ఉండాది.

నాకేం తెలుసు? నేను తళతళలు చూసుకుంటా ఉండాను.

తర్వాత రుచి చూసే పద్ధతి నేర్పించింది. ముందు కళ్లతో చూడాలి. తర్వాత వాసన. ఆ తర్వాత ఒక్క గుక్క, అదీ మింగకుండా నోరంతా తిప్పాలి. మా ఇంట్లోనే ఉండే మా అత్త, మస్తానమ్మ వాళ్లమ్మ, మర్యాదకి వేయించి పెట్టిన ఎండు చేపలు చూసి మేడం దణ్ణం పెట్టింది. కారం తగిలితే నాలుక పని చెయ్యదంట, వట్టి బొరుగులు తినాలంట. ఇట్టా తాగితే ఆ చిన్న గ్లాసు అయ్యేసరికి తెల్లారుతుంది! అయినా పని గదా, చేసినాను.

మేడం గోధుమ బీరు వాసన చూసింది. కళ్లు మూసుకోని మళ్లీ చూసింది. "ఏదో వాసన ఉంది. ఉండకూడని వాసన. ఏందో పట్టుకోలేకపోతున్నా" అనింది.

నేను ముక్కు పెట్టినాను. నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాసన!

"శెనక్కాయ మేడం" అన్నాను.

ఆమె కళ్లు పెద్దవి చేసింది. మళ్లీ వాసన చూసింది. "అవును! వేరుశనగే! అబ్బ, ఎంత బాగా పట్టుకున్నారండీ! మా దగ్గర ట్రైనింగ్ అయినవాళ్లు కూడా ఇంత టక్కున చెప్పలేరు."

మనల్ని ఎవురన్నా పొగిడి ఎన్నాళ్లయింది చెప్పండి! కుర్చీ ముందుకు జరుపుకున్నాను. చేదు బీరు ఎత్తినాను. "దీంట్లోనూ శెనక్కాయే మేడం. కొంచెం పచ్చి వాసన." నల్ల బీరు. "ఇది వేయించిన శెనక్కాయ." పుల్ల బీరు నోట్లో తిప్పి, ఆకాశం వైపు చూసి, "చింతపండు రసం మీద శెనక్కాయ తేలినట్టు ఉండాది" అన్నాను. మార్కులు అడిగితే పదికి మూడు దాటి వెయ్యలేదు. వాకిట్లోంచి మస్తానమ్మ కళ్లతో ఉరుముతా ఉండాది. నేను ఆ వైపు చూస్తే గదా!

మేడం లేచి అటూ ఇటూ తిరిగింది. "ఒక్కదాంట్లో అయితే ఏదో అనుకోవచ్చు. నాలుగింట్లో ఒకే వాసన, నాలుగింటికీ నురగ లేదు. అంటే మా ఫ్యాక్టరీలోనే ఎక్కడో నూనె కలుస్తా ఉంది" అని ఫోన్ తీసి స్పీకర్లో పెట్టింది.

అవతల బీరు చేసే ఆయన, ప్రకాష్ అంట. "ప్రకాష్, నాలుగూ ఆపేయ్. పారబోయాల్సిందే" అనింది.

ఆయన బతిమాలినాడు. "మేడం, పొద్దున నేనే రుచి చూసినాను, బంగారంలా ఉన్నాయి. ఇంకెవరికైనా ఇచ్చి చూపించండి మేడం, ప్లీజ్."

"చూపించాను. ఇక్కడ పెంచలయ్య గారని ఒకాయన ఉన్నారు. నాకంటే మంచి ముక్కు."

ఫోను నా వైపు పెట్టింది. ఊరుకోవచ్చు గదా? ఊరుకుంటే నేను పెంచలయ్యని ఎట్టా అవుతాను! గొంతు సవరించుకోని, "ప్రకాష్ సార్, ఏమీ అనుకోవద్దు. మీ కష్టం నాకు అర్థమవుతా ఉండాది. కానీ శెనక్కాయే" అన్నాను.

పాపం, ఆయన "పారబోసే ముందు మళ్లీ ఒకసారి ఫోన్ చేస్తాను మేడం" అని పెట్టేసినాడు.

మేడం కుర్చీలో కూలబడింది. అప్పుడు మస్తానమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "సారీ అమ్మా. ఈ బీరు లేకుండా పబ్బు తెరవలేం. మళ్లీ చెయ్యాలంటే టైం పడుతుంది. ట్రేలు ఇప్పుడు వద్దులే. ఎప్పుడో చెప్తాను."

మస్తానమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఊరికే ట్రే ఎత్తుకోని, తను చెక్కిన గుంటల్లో వేలు పెట్టి తడుముకుంటా నిలబడింది. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వెంటనే ప్లేటు తిప్పినాను. "మేడం, ఇంకోసారి చూస్తే శెనక్కాయ అంత గట్టిగా లేదు మేడం. అసలు శెనక్కాయ మంచిదే గదా మేడం, ఒంటికి బలం. పదికి తొమ్మిది వేసుకోండి!" మేడం నా వైపు జాలిగా చూసింది. మంచి ముక్కున్న మనిషి, పెళ్లాం కోసం అబద్ధం చెప్తా ఉండాడు అనుకుంది.

అప్పుడొచ్చింది మా అత్త వెంకమ్మ. వంటింట్లోంచి అన్నీ వింటా ఉండాది. చేతిలో తన స్టీలు గ్లాసు.

"పారబోసేదానికేనా అమ్మా? అట్టయితే నాకు రవ్వంత పొయ్యి. మోకాళ్ల నొప్పులకి మంచిదంటారు" అనింది.

"అత్తా! మేడం బాధలో ఉంటే..." అని నేను అడ్డం పోయినాను.

"నువ్వుండు అల్లుడా" అని అత్త కూర్చుంది.

మేడం నవ్వలేక నవ్వి, సీసాలో మిగిలిన గోధుమ బీరు ఆ స్టీలు గ్లాసులో వంచింది. నురగ! తెల్లగా, చిక్కగా, గ్లాసు అంచు దాటి పైకి లేచింది. అత్త ఒక గుక్క లాగితే పై పెదవి మీద తెల్ల మీసం నిలబడింది. ఆమె నాలుక చప్పరించి, "ఏమమ్మా, అరటిపండు ఏమన్నా వేసినారా దీంట్లో? బాగుండాదే!" అనింది.

గోధుమ బీరుకి రావాల్సిన వాసన అదేనంట. మేడం అత్త చేతిలో గ్లాసు లాక్కోని వాసన చూసింది. తర్వాత నా ముందున్న గాజు గ్లాసు తీసి లోపల వేలు పెట్టి రుద్దింది. వేలు జారింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఈ గ్లాసులు ఎవరైనా ముట్టుకున్నారా?"

మస్తానమ్మ చూపు మెల్లిగా వచ్చి నా భుజం మీద ఆగింది. ఆ చూపు వెంట మేడం చూపు కూడా వచ్చింది. అత్త కూడా మీసం తుడుచుకోకుండానే చూసింది. నేను కూడా నా భుజం వైపు చూసుకున్నాను.

"మెరవాలని..." అన్నాను.

"మనిషివేనా నువ్వు? గ్లాసులకి నూనె పెడతారా ఎవురన్నా?" అని మస్తానమ్మ గుడ్డ లాగి పెరట్లోకి విసిరేసింది. భుజం మీద ఏమీ లేకపోతే చొక్కా లేనట్టే అనిపించింది నాకు.

మేడం మాత్రం తిట్టలేదు. ముందు ఫోన్ చేసింది. "ప్రకాష్! ఆగు! పారబోయొద్దు!" అని కేక పెట్టింది. అదృష్టం, ఆయన ఇంకా వాల్వు తిప్పలేదంట, పక్కన కూర్చోని బాధపడతా ఉండాడంట. "బీరు బాగుంది. తప్పు ఇక్కడ జరిగింది" అని చెప్పింది.

"మరి ఆ ఉదయగిరి సార్ ఒప్పుకున్నారా మేడం?" అని భయంగా అడిగినాడు ఆయన. నన్నింకా పెద్ద ఎక్స్‌పర్ట్ అనే అనుకుంటా ఉండాడు!

మేడం ఫోను నా నోటి దగ్గర పెట్టింది. "సార్, బీరు మీదే. శెనక్కాయ మాది" అన్నాను. అవతల మొదలైన నవ్వు మా వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

మళ్లీ మొదటి నుంచీ రుచి చూసినారు. ఈసారి స్టీలు గ్లాసుల్లో, మేడం ఒకవైపు, మా అత్త ఒకవైపు. అత్త చేదు బీరుని కషాయం అనింది, నల్ల బీరుని మాడిన కాఫీ అనింది, పుల్ల బీరు తాగి ఒళ్లు జలదరించి ఇంకొంచెం పొయ్యమనింది. ప్రతి మాటకీ మేడం పడీపడీ నవ్వతా తల ఊపతా ఉండాది. నేనా? నేను పెరట్లో కొళాయి దగ్గర గొంతుక్కూర్చోని సబ్బుతో ఆ గాజు గ్లాసులు తోముతా ఉండాను. నాకు చుక్క పొయ్యలేదు. అడిగే మొహం కూడా లేదు.

ఆర్డరు పడింది. ఆ సాయంత్రం మస్తానమ్మ నాతో పలికింది కూడా. "గ్లాసులు ఆరినాయా?" అనింది.

నిన్న బెంగుళూరు నుంచి ఫోన్ వచ్చింది. పబ్బు తెరిచే రోజు రమ్మని, దగ్గరుండి రుచి చూడాలని, ఫోటో కూడా గోడకి పెడతామని ప్రకాష్ సార్ స్వయంగా పిలిచినాడు. ఎగిరి గంతేసి, "తప్పకుండా వస్తాను సార్" అన్నాను.

"మీరు కాదు సార్, మీ అత్తగారు" అన్నాడు.

అందుకే గదరా నేను ఈ రోజు ఆత్మకూరు దాకా వచ్చింది. ఆమెకి బెంగుళూరు బస్సులో సీటు రిజర్వు చేయించినాను. కిటికీ పక్క సీటు. ఒక్కటే.