మేము

పన్నెండేళ్ళపాటు తనను పేరుతో కాక ఎనిమిది అంకెల సంఖ్యతో గుర్తించిన కంపెనీని వదిలి, ఎబెర్ ఒలివెరా మాంటివీడియోలోని తన గదిలోంచే సెలూన్ల బుకింగులు చూసే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఒంటరిగా నడుపుతున్నాడు. ఒంటిమనిషిని ఎవరూ నమ్మరని, ఖాతాదారులకు రాసే ప్రతి ఉత్తరంలోనూ ‘మేము’ అంటాడు. కింద గ్రసియెలా అని, లేని సహాయకురాలి పేరు పెడతాడు. ఆమెగా రాసేటప్పుడు మాత్రం వెన్ను నిటారుగా నిలిపి, మాతే టీ తాగే సొరబుర్రను కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంటాడు. మూడేళ్ళుగా అదే అలవాటు.

మంగళవారం మధ్యాహ్నం, సెలూన్ నడిపే మిర్తా తీపిరొట్టెతో వచ్చి తలుపు తట్టింది.

“గ్రసియెలా ఏది నాయనా? నిన్న ఫోన్లో గంటసేపు నా గోడు విన్నది, పాపం.”

“ఇక్కడ నేనొక్కణ్ణే, దోన్యా మిర్తా.”

“చాల్లే వేళాకోళం! నువ్వు మళ్ళీ పాత కొలువుకే పోతున్నావటగా? నా బుకింగులన్నీ నీ దాంట్లోనే ఉన్నాయి, నా గతేంటని ఏడిస్తే, ‘పోనివ్వనులెండి’ అంది, బంగారుతల్లి.”

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఒంటరితనం తాళలేక, తిరిగి చేరతానని పాత కంపెనీకి ఆ ఉదయమే కంప్యూటర్లో ఉత్తరం రాసి, పంపకుండా ఉంచాడు. మిర్తాను గుమ్మంలోనే వదిలి లోపలికి పరుగెత్తాడు. సొరబుర్ర బల్లకు ఎడమవైపున ఉంది. తెరమీద చూస్తే ఉత్తరం కంపెనీకి వెళ్ళిపోయింది, అందులో అతని వాక్యం ఒక్కటీ మిగలలేదు.

‘మేము రాము. — గ్రసియెలా.’