రావమ్మ ఎడమ చెయ్యి

"మీ ఆయన బయటి ఆడవాళ్ల దగ్గరికి వెళ్తాడా?"

బెజవాడ ఆసుపత్రిలో డాక్టరు ప్రమీలారాణి ఇలా అడిగినప్పుడు రావమ్మ నోరు మెదపలేదు. సిగ్గుచేత కాదు. అది 1974 వేసవి. నాలుగు రోజుల కిందట తిరువూరులో బియ్యం కడుగుతూ కడుగుతూ కూలబడింది. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పడిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి పక్షవాతమేమిటని నెత్తురు పరీక్ష చేయిస్తే సుఖరోగమని తేలింది. అది మెదడు దాకా పాకింది.

"దానికి మాట రాదండి, నన్నడగండి," అన్నాడు భర్త సుందరరామయ్య. మిర్చి వ్యాపారి. సరుకుతో గుంటూరు వెళ్తే వారం దాకా రాడు. "మాది పరువుగల కుటుంబమండి. అట్లాంటివి మా ఇంటావంటా లేవు."

"పరువుకి పరీక్ష లేదండీ, రక్తానికి ఉంది. మీరూ ఇవ్వండి. ఆవిడకి మూడు వారాలు రోజూ పెన్సిలిన్ పడాలి. లేకపోతే మళ్లీ వస్తుంది. అప్పుడు మనిషి దక్కదు."

రావమ్మకు అంతా అర్థమవుతూనే ఉంది. అదే నరకం. మూడుసార్లు కడుపు పోతే అత్త గోవిందమ్మ సర్పదోషమంది. కనబడ్డ ప్రతి పుట్టలో పాలు పోయించింది, తడిబట్టలతో ప్రదక్షిణలు చేయించింది. అంత భక్తి ఉన్న ఇంట్లో మగవాడి రక్తం చూడాలని ఒక్కరికీ తోచలేదు.

"పద ఇంటికి. పావురం నెత్తురు రాస్తే అదే తగ్గుతుంది," అంటూ సుందరరామయ్య ఆమెను లేవదీశాడు.

రావమ్మ ఎడమచేత్తో మంచం ఇనపకమ్మీ పట్టుకుంది. అతను లాగాడు. మంచం కిర్రుమంటూ జరిగింది గాని పట్టు సడలలేదు.

"వదలవే! మొగుడి మాటంటే లెక్కలేదా?"

"నోరు పోయింది గాని ఒంట్లో పట్టు పోలేదయ్యా," అంది నర్సు హన్నమ్మ. "ఉంటానంటోంది, కనపడట్లా?"

"అయితే ఇక్కడే చావు!" అని అతను బస్టాండుకు వెళ్లిపోయాడు.

తిరిగి వెళ్లడానికి ఇక ఇల్లు లేదని రావమ్మకు తెలుసు. గొంతులోంచి మాట కాని అరుపొకటి వచ్చింది. సూది వెయ్యడానికి హన్నమ్మ ఆమె వేళ్లను ఒక్కొక్కటే కమ్మీ నుంచి విడదీయాల్సి వచ్చింది.

సూదులన్నీ పడ్డాయి. ప్రాణం నిలిచింది, చెయ్యీ మాటా రాలేదు. పెనుగొలనులో అన్న ఇంటి వసారాలో ఒంటరిగా ఎడమచేత్తో తింటుంది. ఆ చేత్తో తినేదాన్ని వదిన పంక్తిలో కూర్చోనివ్వదు.

సుందరరామయ్య రక్తం ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండా ఎ.కొండూరు పిల్లను చేసుకున్నాడు. రావమ్మ సూదుల తాలూకు అరవై మూడు రూపాయలు ఆసుపత్రికి ఇంకా బాకీ.